ప్రేలిన మందు శేష మెచ్చటికి పోవును?

బండ పగిలిన చప్పుడు క్షణములో చల్లారును. లేచిన రాతిపొడి గడియలో నేలకు దిగును. మందులో ప్రేలక మిగిలిన కొంచెము మాత్రము రాళ్ళ సందులలో నిలిచి, తొలకరి వానకు కరగి, మట్టిలోనికి దిగి, అటనుండి బావిలోనికో బోరులోనికో చేరును. ఆ దారి ఎవరి కంటికిని కానరాదు. ప్రేల్చుటకు లైసెన్సు కలదు, నిలువ చేయుటకు రిజిస్టరు కలదు, బండిపై తీసికొనిపోవుటకు అనుమతిపత్రము కలదు. మిగిలిన దానికి మాత్రము లెక్క లేదు. ఆ లెక్క వేయవచ్చుననియు, వేయక లైసెన్సు లిచ్చుట అన్యాయమనియు ఈ వారము మా పాఠకులకు విన్నవింప దలచినాము.

పెన్‌పహాడ్ పేరులోనే పహాడు, అనగా కొండ, ఉన్నది. ఆ మండలపు నేల పైపైని ఎఱ్ఱచెల్క. కొన్ని పట్ల రేగడి. దాని క్రింద మొరము. ఆ క్రింద పగుళ్ళువాఱిన నల్లబండ. తెలంగాణమున ఇట్టి గట్టినేలలో మందు పెట్టి బండ పగులగొట్టక బావి త్రవ్విన రైతు అరుదు. మన తాతలు త్రవ్విన దిగుడుబావుల అడుగున ఉలి గుర్తులతోపాటు తూటా రంధ్రముల గుర్తులును నేటికిని కనబడును. ఇచ్చటనుండి దక్షిణముగా కోదాడ, హుజూర్‌నగరు, మిర్యాలగూడ వైపు దిగినకొలది నల్లబండ పోయి సున్నపురాయి వచ్చును. మేళ్ళచెరువు, మట్టపల్లి, వాడపల్లి ప్రాంతముల సిమెంటు కర్మాగారములకు ఆ రాయియే జీవము. ఆ రాయి గునపముతో రాదు, మందుతోనే వచ్చును. ఉత్తరమున యాదగిరిగుట్ట దాపున పెద్దకందుకూరులో ప్రేలుడు పదార్థములను తయారుచేయు కర్మాగారమే యున్నది. తయారగుటయు ఇచ్చటనే, ప్రేలుటయు ఇచ్చటనే, ఇంకుటయు ఇచ్చటనే. కావున ఇది మన యింటి సమస్య.

యుద్ధపు మందును కూడ ఈ నేల ఎఱుగును. 1948 సెప్టెంబరులో భారతసేన బెజవాడ బాటను కోదాడ మీదుగా నడచి వచ్చినప్పుడు సూర్యాపేటవద్ద నిజాము సేనల స్థావరములపై విమానములు బాంబులు కురిపించినవి. వెనుదిరిగిన నిజాము బలగములు మూసీమీది వంతెనను మందుపెట్టి కూల్చినవి. మన సైనికులు దానిని త్వరితముగనే బాగుచేసికొని ముందునకు సాగిరి. ఆ కథను మన పెద్దలు నేటికిని ఉత్సాహముతో చెప్పుదురు. విమోచనపు సంతోషములో బాంబుగుంట మట్టిని ఎవరు తలంతురు? తలంపకపోవుటలో వింత లేదు. కాని ఆ మందు స్వభావ మెట్టిదో తెలిసికొన్నచో, డెబ్బదియైదేండ్లు దానికి దీర్ఘకాలము కాదని మన కగపడును.

సైనిక బాంబులలో ప్రధానముగ నుండునవి టి.ఎన్.టి., ఆర్.డి.ఎక్స్. అను రెండు పదార్థములు. బాంబు సక్రమముగ ప్రేలినప్పుడు అందలి మందులో లక్షవ వంతైనను మిగులదని నేటి పరీక్షలు చెప్పుచున్నవి. కాని కొన్ని సగము ప్రేలి తుస్సుమనును. అట్టివానిలో పావువంతైనను, అంతకు మించియు, తునకలై చుట్టును చెదరిపడును. వంద బాంబులు చక్కగ ప్రేలి మిగిల్చిన దానికంటె ఒక్క బాంబు తప్పుగ ప్రేలి మిగిల్చినది ఎక్కువ. ఈ సూక్ష్మమును మఱువక పాఠకులు ముందునకు చదువవలెనని కోరుచున్నాము. క్వారీల విషయమునను ఇదియే మూలము.

ఆ తునక కరుగు టెట్లు? చెంబుడు నీటిలో బెల్లపు అచ్చును వేసి చూడుడు, పొడిచేసిన బెల్లమును వేసి చూడుడు. పొడి చిటికెలో కరగును. అచ్చు గంటలకొలది నిలుచును. నీటికి తగులునది ఉపరితలమే కదా. లీటరు నీటిలో టి.ఎన్.టి. సుమారు 100 మిల్లీగ్రాములును, ఆర్.డి.ఎక్స్. అందులో సగమును మాత్రమే కరగును. మన ప్రాంతమున ఏటి వర్షము 30 అంగుళములకు అటునిటు. కుంకుడు గింజంత తునక తలపై ఏడాది పొడవున పడు వాన గిద్దెడుకూడ కాదు. ఆ నీరంతయు తన శక్తికొలది కరగించుకొని పోయినను ఏటికి కొలది మిల్లీగ్రాములే పోవును. అనగా ఒక గ్రాము తూగు ఆ తునక పూర్తిగ కరగుటకు వందేండ్లు దాటును. ఆవగింజంత ముక్కకు దశాబ్దములు. పిండివలె నలిగినదానికి కొలది ఏండ్లు. నడుమ ఎండలు కాయును, ముక్క పగులును, పశువుల గిట్టలకు నలుగును, కావున లెక్క కొంత తప్పవచ్చును. అయినను స్వభావము మాఱదు: తునక యెంత పెద్దదో విషపు ఊట అంత దీర్ఘము.

కరగిన పిమ్మట రెండును రెండు దారులు పట్టును. టి.ఎన్.టి. మట్టిలోని సూక్ష్మజీవులచేత రూపుమాఱి, బంకమట్టికిని సేంద్రియ పదార్థమునకును అంటుకొని, పైపొరలలోనే చాలవఱకు చిక్కుపడును. ఆర్.డి.ఎక్స్. అట్లు కాదు, మట్టిని పలుకరింపక నీటివెంట నడచిపోవును. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున కేప్ కాడ్ ద్వీపకల్పముమీద క్యాంప్ ఎడ్వర్డ్స్ అను సైనిక శిక్షణాస్థలము కలదు. అచ్చటి భూగర్భజలమే చుట్టుప్రక్కల ఊళ్ళకు త్రాగునీరు. ఆ నీటికి ముప్పు కలిగినదని 1997లో ఆ దేశపు పర్యావరణ సంస్థ అచ్చట ఫిరంగి అభ్యాసమునే నిలిపివేసినది. ఆర్.డి.ఎక్స్. విషయమున ఆ సంస్థ హితవుగ చెప్పిన జీవితకాల పరిమితి లీటరునకు 2 మైక్రోగ్రాములు. అనగా ఒక్క గ్రాము అయిదు లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకు తేగలదు. సేన బలవత్తరమైన దేశములోనే సేనను త్రాగునీటికొఱకు ఆపవచ్చునని తేలినది. ఇచ్చట ఒక కంకర క్వారీవానిని బావినీటి పరీక్షాపత్రము చూపుమని యడుగుటకు మనకు నోరు రాకపోవుట చిత్రము.

క్వారీ మందు వేఱు. అందు ముఖ్యము అమోనియం నైట్రేటు. నూటికి తొంబదినాలుగు పాళ్ళు ఆ గుళికలు, ఆరుపాళ్ళు డీజిలువంటి నూనె. ఈ గుళికలకు నీరన్న ఎంత ప్రీతియో చెప్పవలసిన పని లేదు. అర లీటరునకు కొంచెము మించిన నీటిలో ఒక కిలో కరగిపోవును! టి.ఎన్.టి. శతాబ్దము నిలుచుచోట ఇది ఒక్క జల్లునకు మాయమగును. రంధ్రములో ఊటనీరున్నను, రాత్రి వాన కురిసినను, మందు నాని సగమే ప్రేలును. రంధ్రము నోటివద్ద ఒలికినది, సంచి దులిపినప్పుడు రాలినది, ప్రేలని తూటా చుట్టు మిగిలినది, అన్నియు ఆ వాననీటిలోనే కలియును. కెనడా దేశపు బొగ్గుగనులలో పరిశీలించినవారు, మందులోని నత్రజనిలో ఇట్లు నీటిపాలగునది పొడిచోట అత్యల్పమనియు, తడిచోట నూటికి ఐదారు పాళ్ళవఱకు నుండవచ్చుననియు అంచనా వేసిరి.

ఈ అంకెలను మన నేలకు అన్వయించి చూతము. ఒక కిలో అమోనియం నైట్రేటు కరగి, అందలి అమోనియా భాగముకూడ మట్టిలో నైట్రేటుగ మాఱినచో, ఒకటిన్నర కిలోకు కొంచెము మించి నైట్రేటు అగును. మన త్రాగునీటి ప్రమాణమగు ఐ.ఎస్. 10500 (2012) ప్రకారము నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములకు మించరాదు; ఈ హద్దునకు సడలింపులేదని ఆ ప్రమాణమే చెప్పుచున్నది. అనగా ఒక కిలో, ముప్పదినాలుగు వేల లీటర్ల స్వచ్ఛమైన నీటిని ఆ హద్దునకు చేర్చును. 50 కిలోల సంచి ఒక్కటి వృథాయైన, పదునేడు లక్షల లీటర్లు. ఎకరము చెల్కమీద కురిసిన వానలో పదవవంతు ఇంకునని స్థూలముగ ననుకొన్నచో, ఏటికి ఇంకునది మూడు లక్షల లీటర్లు. ఒక్క సంచి, ఆరెకరముల నేల ఏడాదిలో త్రాగిన నీటితో సరి. ఒక సంచితో ఊరు మునుగదని మా కెఱుకయే. కాని క్వారీ ఒక్క సంచితో నడువదు, ఒక్క యేడాది నడువదు.

ఇట ఒక ముచ్చట చెప్పక పోజాలము. పాటిమన్నునుండి సురేకారము తీయు విద్య మన దేశములో తరతరములనాటిది. పాతయూళ్ళ దిబ్బల మట్టిని తెచ్చి, చిల్లుల కుండలలో పోసి, నీరు వడగట్టి, ఆ నీటిని కాచి ఉప్పును దీసెడివారు. నీటివెంట నైట్రేటు జాఱిపోవును, మట్టి నిలిచిపోవును అను సంగతి వారికి ఏ కళాశాలయు నేర్పలేదు. బీహారు సురేకారమును ఓడలకెత్తి తెల్లదొరల కంపెనీ ఐరోపా ఫిరంగులకు మందు సమకూర్చిన చరిత్ర అందఱెఱిగినదే. నాడు మన మట్టిని వడగట్టి మందు చేసికొన్నారు. నేడు మందే మన మట్టిలో వడగట్టబడుచున్నది. కుండ క్రింద అప్పుడు గిన్నె పెట్టిరి. ఇప్పుడు గిన్నె స్థానమున బావి యున్నది.

కరగిన నైట్రేటు నేలలో ఎంత దూరము, ఎంత కాలములో పోవునో లెక్కించు మార్గము దేవరహస్య మేమియు గాదు. 1856లో ఫ్రాన్సు దేశమున డిజోను పట్టణపు నీటికొళాయిల పని చూచిన హెన్రీ డార్సీ, ఇసుకలో నీరు నడచు వేగమునకు సూత్రము కట్టెను. తడియారని మట్టికి ఆ సూత్రమును 1931లో రిచర్డ్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు విస్తరించెను. దానికి, కరగిన పదార్థము నీటితో కొట్టుకొనిపోవుట, చెదరుట, మట్టికి అంటుట, జీర్ణించుట అను నాలుగింటిని జోడించినచో కావలసిన గణితరూపము సిద్ధించును. నేడు గణనయంత్రములపై విద్యార్థులు సయితము దీనిని నడుపుచున్నారు. కావలసినవి మూడు: ఎంత మిగిలెను, ఎంత త్వరగ కరగును, నీరు ఎటు పోవును. మొదటిది క్వారీవాని రిజిస్టరులో నున్నది. రెండవది ప్రయోగశాలలో తేలును. మూడవది మన నేలలో నున్నది, దానిని మనమే కొలువవలెను.

ఈ మూడవదానిని గూర్చియే మా పట్టుదల. పరదేశపు లెక్కను తెచ్చి మన బావిపై అతికించినచో బావి ఒప్పుకొనదు. కేప్ కాడ్ నేల మంచు యుగపు నదులు పఱచిన ఇసుక. నీరు అందు సమముగ, ఒడుదుడుకులు లేక దిగును. మన వాన అట్లు కురియదు. నాలుగైదు పెద్ద వానలలో ఏటి వర్షమున పెద్దభాగము దిగిపోవును. నడుమ ఇరువది దినములు ఎండ. రేగడి వేసవిలో జానెడు నెఱ్ఱెలు విచ్చి, తొలివాననీటిని తిన్నగ క్రిందికి మ్రింగును. పొరపొరగ దిగునని లెక్కించిన నీరు నెఱ్ఱెగుండ ఒక్క రాత్రిలో దిగును. అదియుగాక పెన్‌పహాడ్ బండలో నీరు మొరమున నిలుచును, దాని దిగువ పగుళ్ళగుండ పాఱును. సున్నపురాతి ప్రాంతమున నీరు రాతినే కరగించి సందులు చేసికొనును. అచ్చట నేడు దిగినది రేపు ఏ యూరి ఊటలో తేలునో! ఒకే తాలూకాలో రెండు భూగర్భ ప్రపంచములున్నప్పుడు ఒకే లెక్క ఎట్లు చెల్లును?

మూసీ ఎడమకాలువ క్రింది మాగాణి మఱియొక తీరు. నీరు నిలిచిన వరిమడి మట్టిలో ప్రాణవాయువు తక్కువ. అచ్చటి సూక్ష్మజీవులు నైట్రేటునే విఱుగగొట్టి నత్రజనిని గాలిలోనికి వదలును. కావున అదే కిలో మందు మాగాణిలో పడిన కొంత జీర్ణించును, ప్రక్కచెల్కలో పడిన సాంతము దిగిపోవును. ఈ భేదమును పెన్‌పహాడ్ రైతునకు చెప్పిన వెంటనే గ్రహించును. పట్టణములో కూర్చుండి నివేదిక వ్రాయువాడే గ్రహింపడు.

మనవారికి ఈ పని చేతకాదని ఎవరైన నన్నచో మేము అంగీకరింపము. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ట్రిటియము అను ఉదజని రూపమును స్వల్పముగ నేలలో ఎక్కించి, ఒక వానకాలము గడచిన పిమ్మట అది ఎన్ని అంగుళములు దిగెనో మట్టి తీసి చూచి, ఏ నేలలో ఎంత నీరు ఇంకునో దేశమంతట కొలిచిరి. హైదరాబాదు దాపున మహేశ్వరమున ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో గలసి, అచ్చటి నల్లబండలో మొరపు పొర ఎంత, పగుళ్ళ పొర ఎంత, నీరు ఏ పొరలో పాఱునో ఏండ్లకొలది పరిశీలించిరి. అది పెన్‌పహాడ్ బండకు చుట్టమైన బండయే. వాన వెంట ఒక కణము ఎట్లు దిగునో చెప్పగల విద్య మన రాజధానిలోనే యుండగా, ఆ విద్యను ఆ కణమునకు బదులు క్వారీ నైట్రేటునకు వర్తింపజేయుమని కోరువాడు లేకపోవుటయే కొఱత. స్వదేశి యనగా ఖద్దరు మాత్రమే గాదు. స్వదేశపు మట్టిని స్వదేశపు లెక్కతో తూచుటయు స్వదేశియే.

ఇక ఆక్షేపణలు. నైట్రేటునకు మూలము మందు గాదు, ఎరువు అని యనువారున్నారు. వారి మాటలో చాల సత్యము కలదు. మాగాణములలో చల్లు యూరియాయు, హైదరాబాదు మురుగును మోసికొని వచ్చు మూసీయు ఈ ప్రాంతపు నీటిని చెఱచుటలో క్వారీలకంటె పెద్దచేయి కలవి కావచ్చును. కాని ఇంటిలో ఇద్దరు దొంగలు పడినప్పుడు పెద్దదొంగను చూపి చిన్నదొంగను విడిచిపెట్టు న్యాయము ఏ స్మృతిలో నున్నది? అంతియగాక వారిని వేఱుపఱచు ఉపాయము కూడ నున్నది. కర్మాగారములో గాలినుండి చేసిన నైట్రేటులోని ఆమ్లజని పరమాణువుల బరువుల పాళ్ళు ఒక తీరు; యూరియాయో మురుగో మట్టిలో మాఱి యైన నైట్రేటులో మఱియొక తీరు. నీటి నమూనాలో ఆ పాళ్ళను కొలిచి, దానిని వానల తేదీలతోను, ప్రేలుళ్ళ తేదీలతోను పోల్చినచో ఏ పాపము ఎవరిదో చాలవఱకు తేలును.

మఱికొందఱు, మిషన్ భగీరథ నల్లానీరు ఇంటింటికి వచ్చుచుండగా బావినీటి గొడవ ఏల యందురు. నల్లా ఊరిలో నుండును. కూలి చేనులో నుండును. నాట్లప్పుడు, కోతలప్పుడు మిట్టమధ్యాహ్నము దప్పిగొన్నవారు బోరుక్రింద దోసిలి పట్టుదురు. చంటిబిడ్డను గట్టుమీది చెట్టునీడను పరుండబెట్టిన తల్లియు ఆ నీటినే పట్టును. నైట్రేటు అధికమైన నీటితో కలిపిన పాలు త్రాగిన పసికందుల రక్తము ప్రాణవాయువును మోయజాలక దేహము నీలివాఱును. కాచిన నీరు మంచిదని మన తల్లులు నమ్ముదురు. తక్కిన దోషములకు ఆ మాట నిజము. నైట్రేటు విషయమున కాచినకొలది నీరు తగ్గును, విషము చిక్కనగును. ఈ ఒక్క సంగతి పఠనాలయములకు వచ్చువారు ఇంటికి పోయి చెప్పినను ఈ వ్యాసము వ్రాసిన శ్రమ తీఱును.

నల్లగొండ సీమకు నీటి విషయమున అజాగ్రత్త చూపు హక్కు ఎవరికిని లేదు. ఫ్లోరైడువలన వంగిన నడుములు, వంకరపోయిన కాళ్ళు మన కండ్లయెదుట నున్నవి. పటికతోను సున్నముతోను ఆ నీటిని శుద్ధిచేయు పద్ధతికి నాగపూరు శాస్త్రజ్ఞులు నల్లగొండ పేరే పెట్టిరి. ప్రపంచ పుస్తకములలో మన జిల్లా పేరు అట్లు ఎక్కినది! ఫ్లోరైడు రాతిలో పుట్టినది, దానిని ఎవరును తెచ్చి పోయలేదు. మందు శేషము మనుష్యుడు పోసినది. దైవము చేసిన దానికే ఒక తరము బలియైనది. మనుష్యుడు చేయు దానిని ముందుగ లెక్కింపకుండుటకు ఏమి సాకు?

శాసనముల సంగతి కొంచెము చూడవలెను. ప్రేలుడు పదార్థముల చట్టము 1884 నాటిది, తెల్లదొర చేసినది. దాని చూపంతయు మందు ఎవని చేతబడునో యను భయము మీదనే. స్వతంత్ర భారతమున ఆ చట్టము క్రింద 2008లో ప్రేలుడు పదార్థముల నియమములును, 2012లో అమోనియం నైట్రేటు నియమములును వచ్చినవి. నూటికి 45 పాళ్ళకు మించి అమోనియం నైట్రేటు గల మిశ్రమము ప్రేలుడు పదార్థమని 2011లో ప్రకటించిరి. లీటరునకు 45 మిల్లీగ్రాములు మించిన నైట్రేటు నీరు త్రాగరాదని వేఱొక గ్రంథము. రెండుచోట్లను అంకె ఒక్కటే గాని, రెండు శాఖల అధికారులు ఒకరి మొగ మొకరు చూచినట్లు కానరాదు. 2020 ఆగస్టులో బేరూతు రేవు అమోనియం నైట్రేటు ప్రేలి శిథిలమైన పిమ్మట, చెన్నపట్టణమున నిలువయున్న దాదాపు 700 టన్నుల సరకును హుటాహుటిగ హైదరాబాదునకు తరలించిరి. అది ప్రేలునేమో యని దేశమెల్ల గగ్గోలు పడినది. అది క్రమముగ, చట్టబద్ధముగ, ఏ చప్పుడును లేక నీటిలో కలియుటను గూర్చి గగ్గోలు లేదు.

అయినను చట్టము బొత్తిగ మూగదికాదు. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము విషపదార్థములను ప్రవాహములోనికి గాని, బావిలోనికి గాని, నేలమీదికి గాని తెలిసి విడుచుటను నిషేధించుచున్నది. ప్రవాహమను మాటలో భూగర్భజలముకూడ చేరునని ఆ చట్టపు నిర్వచనమే చెప్పుచున్నది. ఇంక 1999లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ కాలుష్యనియంత్రణ మండలి వ్యాజ్యములో ఇచ్చిన తీర్పు ప్రతి గ్రామపంచాయతి గోడమీద వ్రాయదగినది. హైదరాబాదు త్రాగునీటికి ఆధారములగు ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల చేరువ నొక నూనె కర్మాగారము పెట్టవచ్చునా యనుట అందలి వివాదము. హాని కలుగునని ప్రజలు నిరూపింపవలసిన పని లేదు, హాని కలుగదని పని తలపెట్టినవాడే నిరూపించుకొనవలెను అను ముందుజాగ్రత్త సూత్రమును న్యాయస్థాన మందు నిలిపినది. నగరపు చెఱువునకు వర్తించిన న్యాయము పల్లెటూరి బావికి ఏల వర్తింపరాదు? బావికి వకీలు లేడనియా?

ఈ సూత్రము ననుసరించియే మేము ఈ క్రింది కోర్కెను జిల్లా అధికారుల ముందు పెట్టుచున్నాము. క్వారీకి గాని గనికి గాని అనుమతి యిచ్చుటకు ముందు, లేదా ఉన్న అనుమతిని పొడిగించుటకు ముందు, మందు శేషపు లెక్కను దరఖాస్తుదారుడు సమర్పింపవలెను. ఏటికి ఎంత మందు, అందు ఎంత తడిరంధ్రములలో, ఎంత ప్రేలక మిగులును, చుట్టును ఏయే బావులున్నవి, నీరు ఏ వంపున పాఱును, నైట్రేటు ఏ బావిని ఏ సంవత్సరమున చేరవచ్చును; ఇవన్నియు అందుండవలెను. ఆ లెక్కను దరఖాస్తుదారుని జీతగాడుగ నుండు సలహాదారుడు వేసి, తానే సరియని సంతకము పెట్టుట చాలదు. విశ్వవిద్యాలయపు ఆచార్యులో, పరిశోధన సంస్థవారో దానిని సరిచూడవలెను. తెలుగులో దాని సారాంశమును బహిరంగ విచారణకు నెల ముందుగ గ్రామ పఠనాలయమున నుంచవలెను. ఇంగ్లీషు పుటలు మూడువందలు తెచ్చి సభలో బల్లపై పెట్టి ప్రజాభిప్రాయము తెలిసికొంటి మనుట ప్రజలను వెక్కిరించుట.

డబ్బు లేదని మాత్రము చెప్పవద్దు. 2015లో గనుల చట్టమును సవరించి, గనులవలన నష్టపడు ప్రాంతములకొఱకు జిల్లా ఖనిజనిధిని ఏర్పఱచిరి. త్రాగునీరును పర్యావరణమును ఆ నిధి ఖర్చునకు మొదటి పద్దులు. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లాయైనది మొదలు ఇచ్చటి సిమెంటు రాతిపై వసూలగు భాగము ఆ నిధికి చేరవలసినదే. రోడ్డు వేసినచో శంకుస్థాపన ఫలకము లేచును, నీటి పరీక్షకు ఫలకము లేవదు. ఆ నిధి ఏ వైపునకు మొగ్గునో పాఠకు లూహింపగలరు. పరీక్ష యొకటికి పట్టు వ్యయము ఆ ఫలకము ఖరీదుకంటె తక్కువ.

క్వారీ కూలీలు చేయగలది కూడ కలదు. తడిరంధ్రములో గుళికల మందు పోయక నీటికి నిలుచు ఎమల్షను తూటాలు వాడుట, ఒలికిన గుళికలను ఊడ్చి ఎత్తుట, మబ్బు పట్టిన సాయంకాలము మందు దట్టించి మఱునాటికి విడువకుండుట. వీనివలన మందు పొదుపు. నూటికి ఐదు పాళ్ళు మందు నీటిలో కరగిపోవుచున్నదని తెలిసినచో యజమానికే నిద్రపట్టదు. కాని మేస్త్రీకి తొందర, లారీకి తొందర, గుత్తదారునకు అంతకుమించిన తొందర. ప్రాణములకు తెగించి మందు నింపు కూలివాడు ఎక్కువగ పరరాష్ట్రమునుండి వచ్చినవాడో, దాపు తండావాడో యగుటచేత అతని మాట వినువాడు లేడు. అతడు త్రాగు నీరు క్వారీ గుంటలోనిదే యని మఱువరాదు.

భూగర్భజలశాఖవారు వేసవి తుదిని ఒకసారి, వానలు వెనుకబట్టిన పిమ్మట ఒకసారి తమ పరిశీలనబావుల నీటిని చూతురు. ఈ యేడు మృగశిరకు ముందే క్వారీలకు మైలులోపలనున్న బావులనుండి సీసాలు నింపి, తేదీ వేసి, పంచాయతి కార్యదర్శి సంతకముతో ప్రయోగశాలకు పంపవలెను. అదే బావులనుండి దీపావళి పోయిన పిమ్మట తిరిగి పంపవలెను. రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో నమూనాలెక్కకు కావలసిన మొదటి అంకెలు చిక్కును. సమాచార హక్కు చట్టము (2005) క్రింద పాత ఫలితములను పది రూపాయల దరఖాస్తుతో ఎవరైనను కోరవచ్చును. పెన్‌పహాడ్, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పఠనాలయములవారు అట్లు తెప్పించుకొనిన కాగితముల నకళ్ళను మాకు పంపినచో, ఏ యూరి ఏ బావిలో ఎంత యున్నదో అంకెలు మార్పక ఈ పుటలలోనే ప్రకటింతుము.